దర్శనం చూడని తమ్ముడు గురువు కావచ్చునా? పిలుపు ఎక్కడి నుండి వస్తుంది?

పెన్నా ఒడ్డున
మా తమ్ముడు బి.డి. అనే వేదాంత చదువు ముగించి రెండేండ్లుగా ఒక పేరిష్‌లో, అంటే ఒకే పాస్టరు కింద ఉన్న కొన్ని ఊళ్ళ సంఘాలలో, అయ్యగారికి సహాయకుడిగా ఉన్నాడు. సంఘాలన్నిటి మీద ఉండే సినాడు పెద్దలు అతన్ని పరీక్షించి, పాస్టరుగా నియమించే గురు అభిషేకానికి పేరు ఖాయం చేశారు. పోయిన నెల కడపలో మా బంధువుల ఇంట్లో జరిగిన కూటానికి అతనూ వచ్చాడు. అక్కడికి వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన అందరి ముందు, "తమ్ముడూ, దేవుడు నిన్ను ఏ దినాన, ఏ మాటతో పిలిచాడో సాక్ష్యం చెప్పు" అని అడిగాడు. మా వాడు కాసేపు ఆలోచించి, తనకు కలగానీ దర్శనంగానీ రాలేదనీ, సంఘం తనను చదువుకు పంపిందనీ, ఇప్పుడు సంఘమే పనికి రమ్మంటోందనీ చెప్పాడు. ఆ ప్రసంగీకుడు తల ఊపి, "అంటే నువ్వు మనుషులు పంపినవాడివి" అన్నాడు.

ఆ రాత్రి నుండి తమ్ముడు సరిగా మాట్లాడడం లేదు. అభిషేకం వద్దని సినాడుకు ఉత్తరం రాస్తానంటున్నాడు. మాది గుంటూరు జిల్లా నుండి ఉద్యోగాల మీద సీమకు వచ్చిన లూథరన్ కుటుంబం. చిన్నప్పుడు ప్రశ్నోత్తరి వల్లించాము గాని, గురువు పిలుపు గురించి మన సంఘం ఏమి నమ్ముతుందో నాకు ఎవరూ చెప్పలేదు. తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

గుత్తి జంక్షన్
అక్కా, ప్రసంగీకుడు అందరి ముందు అలా అడగడం మంచిది కాదు, అది ఒప్పుకుంటాను. అయితే ప్రశ్న తప్పు కాదు. యెషయా, యిర్మీయా, సమూయేలు, దమస్కు దారిలో పౌలు, వీరిలో ప్రతి ఒక్కరూ తమను దేవుడు పిలిచిన గడియను చెప్పగలిగారు. మా సంఘంలో పిలుపు సాక్ష్యం లేనివానికి ప్రభు భోజనపు బల్ల దగ్గర నిలబడే అధికారం ఇవ్వము. యిర్మీయా 23లో దేవుడే, నేను ఈ ప్రవక్తలను పంపకుండినను వారు పరుగెత్తి వచ్చెదరు అని బాధపడ్డాడు కదా.

బురుజు నీడ
నేను కర్నూలులో స్థిరపడిన రిటైర్డు ఉపాధ్యాయుణ్ణి, మూడు తరాల లూథరన్‌ను. అమ్మా, మీ తమ్ముడు ఆ కూటంలో చెప్పిన జవాబు మన విశ్వాస ప్రమాణానికి అక్షరాలా సరిపోతుంది.

1530లో చక్రవర్తి ముందు చదివిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో 14వ అధికరణం ఒకే ఒక్క వాక్యం. క్రమమైన పిలుపు లేకుండా ఎవరూ సంఘంలో బహిరంగంగా బోధించకూడదు, బాప్తిస్మం, ప్రభు భోజనం అనే సంస్కారాలు ఇవ్వకూడదు అన్నదే దాని సారం. ఆ వాక్యంలో కల లేదు, దర్శనం లేదు, పిలిచిన తారీఖు లేదు. క్రమమైన పిలుపు అంటే సంఘం ఒక మనిషిని పరీక్షించి, ఎన్నుకొని, నీవు మాకు వాక్యం చెప్పు, సంస్కారాలు ఇవ్వు అని అందరికీ తెలిసేటట్లు అప్పగించడం.

దీని వెనుక మన సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథరు జీవితమే ఒక పాఠంగా ఉంది. 1505 జూలై 2న ఎర్ఫర్ట్ దగ్గర స్టొటర్న్‌హైమ్ అనే పల్లె పక్కన పిడుగు పడినప్పుడు ఆ యువకుడు ప్రాణభయంతో, పరిశుద్ధ అన్నమ్మా రక్షించు, నేను సన్యాసినవుతాను అని మొక్కుకున్నాడు. అంతకంటే బలమైన సాక్ష్యం మన కూటాల్లో ఎవరు చెప్పగలరు? అయినా తర్వాత తన బోధకు ఆధారంగా ఆయన ఆ పిడుగును పిలుపుగా చూపలేదు. భయం తన నోట ఆ మొక్కు పలికించిందని తర్వాత తానే రాశాడు. 1507లో ఆయన మొదటి పూజ చేసినప్పుడు, ఆ పిడుగు సంగతి సైతాను కల్పించిన భ్రమ కాకుంటే చాలునని తండ్రి అన్నాడు. ఆ మాట తన గుండెలో నాటుకుపోయిందని 1521లో తండ్రికి రాసిన లేఖలో ఒప్పుకున్నాడు.

మరి, నిన్ను ఎవరు పిలిచారని శత్రువులు అడిగినప్పుడు ఆయన దేన్ని చూపాడు? 1512 అక్టోబరులో విట్టెన్‌బర్గ్‌లో తనకు ఇచ్చిన వేదాంత డాక్టరు పట్టాను, ఆ రోజు లేఖనాన్ని నమ్మకంగా బోధిస్తానని చేసిన ప్రమాణాన్ని చూపాడు. ఆ పట్టా ఆయన కోరుకున్నది కాదు. పై అధికారి స్టౌపిట్జ్ పట్టుబడితే, విధేయతతో తలవంచి తీసుకున్నది. ఇతరులు తన మీద పెట్టిన ఆ భారాన్నే లూథరు దేవుని పిలుపుగా జీవితాంతం పట్టుకున్నాడు.

పెన్నా ఒడ్డున
మాస్టారూ, ఈ పిడుగు సంగతి నేను కథగా విన్నాను గాని, దాన్ని ఆయన పిలుపుగా లెక్కించలేదన్న విషయం ఇప్పుడే తెలుసుకున్నాను. తమ్ముడికి పంపించాను.

గుత్తి జంక్షన్
మాస్టారు గారి మాట మీద గౌరవం ఉంది. అయితే గలతీ పత్రిక మొదటి వచనంలోనే పౌలు, "మనుష్యుల మూలముగానైనను ఏ మనుష్యుని వలననైనను కాక" అంటున్నాడు. పిలుపు సంఘం ద్వారా వస్తుందని మీరు అంటే, ఈ వచనాన్ని ఏమి చేస్తారు?

గండికోట మలుపు
నేను వేదాంతం చదువుతున్నాను కాబట్టి ఈ ఒక్క ప్రశ్నకు నేను జవాబిస్తాను. లూథరు 1531లో గలతీ పత్రిక మీద ఉపన్యాసాలిచ్చాడు, అవి 1535లో అచ్చయ్యాయి. సరిగ్గా ఈ వచనం దగ్గరే ఆయన ఆగి, దేవుడు రెండు రకాలుగా పిలుస్తాడని వివరించాడు. ప్రవక్తలనూ అపొస్తలులనూ మధ్యవర్తి లేకుండా తానే పిలిచాడు. అపొస్తలులు తిమోతినీ తీతునూ పిలిచారు, వారు అధ్యక్షులను పిలిచారు, అక్కడి నుండి నేటి వరకు అందరికీ పిలుపు మనుషుల ద్వారానే వస్తున్నది. రెండవ రకం పిలుపు కూడా దేవునిదే అన్నది ఆయన ముఖ్యంగా చెప్పిన సంగతి. పౌలు తన అపొస్తలత్వాన్ని గురించి చెప్పిన మాటను ప్రతి గురువుకూ కొలబద్దగా పెడితే, తీతు క్రేతులో ప్రతి పట్టణంలో నియమించిన పెద్దలందరూ పిలుపు లేనివారు అవుతారు.

ఇంకొకటి. దమస్కు దారిలో ప్రభువును చూసిన ఆ పౌలునే అపొస్తలుల కార్యములు 13లో అంతియొకయ సంఘం ఉపవాసముండి, ప్రార్థన చేసి, చేతులుంచి పంపింది. మాట్లాడింది పరిశుద్ధాత్మ, చేతులుంచింది సంఘం. ఈ రెంటినీ లూకా ఒకే పేరాలో రాశాడు.

నల్లమల అంచు
మా నాన్నగారు నంద్యాల ప్రాంతంలో సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) ప్రెస్బిటరుగా, అంటే పాస్టరుగా, పనిచేసి రిటైరయ్యారు. మా దగ్గర కూడా మనిషిని సంఘం పరీక్షించే పంపుతుంది గాని, బిషప్పు చేతులుంచకుండా అభిషేకం లేదు. అపొస్తలుల నుండి వచ్చిన వరుస అది. లూథరన్ పద్ధతిలో సంఘమే పిలుస్తుంది అంటే, ఆ వరుస అక్కరలేదనా మీ అభిప్రాయం?

బురుజు నీడ
అక్కరలేదు అనడం కంటే, దాని మీద ఆధారపడము అనడం సరిగా ఉంటుంది. ఆగ్స్‌బర్గ్ ప్రమాణానికి లూథరు సహచరుడు మెలాంక్టన్ రాసిన సమర్థనలో, బిషప్పులు మా గురువులను సహించి సువార్తను బోధించనిస్తే పాత సంఘ క్రమాన్ని సంతోషంగా నిలుపుకుంటామని స్పష్టంగా ఉంది. బిషప్పులు నిరాకరించినప్పుడు ఏమి చేయాలన్నదే ఆనాటి సమస్య. 1537లో పోపు అధికారం మీద రాసిన గ్రంథంలో మెలాంక్టన్ దానికి జవాబు చెప్పాడు. సంఘం ఎక్కడ ఉంటుందో, గురువులను ఎన్నుకొని అభిషేకించే హక్కు అక్కడ ఉంటుంది, ఎందుకంటే తాళపుచెవులను, అంటే పాపక్షమాపణ పలికే అధికారాన్ని, క్రీస్తు సంఘానికే ఇచ్చాడు.

మన ఆంధ్ర లూథరన్ సంఘానికి బిషప్పులు ఉన్నారు, అమెరికాలోని మిస్సోరి సినాడుకు బిషప్పులు లేరు. ఇద్దరూ లూథరన్లే. వరుస ఉంటే మంచి క్రమం, లేకపోతే పిలుపు చెల్లదనడానికి లేదు.

తుంగభద్ర 72
కర్నూలు బాప్టిస్టు కుటుంబం నుండి ఒక మాట. మా సంఘాలలో స్థానిక సంఘం ఓటు వేసి పాస్టరును పిలుచుకుంటుంది, అభిషేకానికి పొరుగు సంఘాల పెద్దలు వచ్చి పరీక్షిస్తారు. మాస్టారు చెప్పేది వింటుంటే మా పద్ధతికీ మీ పద్ధతికీ మధ్య అంతగా దూరం కనిపించడం లేదు.

హంద్రీ గాలి
నేను లూథరన్ సంఘంలోనే పుట్టాను, అందుకే ఈ చర్చ చదువుతుంటే గుండె మండుతోంది. సంఘం పిలుపే దేవుని పిలుపు అని పుస్తకంలో చదవడం సులభం. మా సంఘంలో గురువు నియామకం ఎలా జరిగిందో నేను కళ్ళారా చూశాను. రెండు వర్గాలుగా చీలారు, కులం పేరు చెప్పి ఇళ్ళ వెంట తిరిగారు, సభ్యత్వం లేనివారి పేర్లు ఎక్కించారు, ఒక వర్గం కోర్టుకు వెళ్ళింది. గుడికి తాళం పడిన ఆ ఏడాది క్రిస్మస్ మేము రోడ్డు మీద చేసుకున్నాము. చివరికి ఒక వర్గం చేతులెత్తితే ఒకాయన గురువయ్యాడు. అది దేవుని స్వరమా? మీ సిద్ధాంతం నిజమైతే, ఆ చేతులెత్తిన వారిలో దేవుడు మాట్లాడాడని నేను ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోలేను. అప్పటి నుండి గుత్తి అన్న లాంటి వారి మాటలు నాకు న్యాయంగా అనిపిస్తున్నాయి.

గుత్తి జంక్షన్
హంద్రీ తమ్ముడూ, మీ బాధ నాకు అర్థమయింది. అయితే ఒక నిజం చెప్పాలి. దర్శనం చూశానని చెప్పి షెడ్డు కట్టి, మూడేండ్లకు కానుకలతో ఊరు వదిలిపోయినవాణ్ణి కూడా నేను గుంతకల్లు వైపు చూశాను. ఆయన సాక్ష్యం విని ఏడ్చినవారిలో నేనూ ఉన్నాను. కాబట్టి ఆ రోగం మా వీధిలోనూ ఉంది.

బురుజు నీడ
హంద్రీ గారు అడిగినదే అసలు ప్రశ్న. దీనికి పై పై సమాధానం చెప్పడం తప్పు అవుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మన ప్రమాణంలోని మాట ఉత్త పిలుపు కాదు, క్రమమైన పిలుపు. దొంగ పేర్లతో, డబ్బుతో, కులబలంతో సంపాదించినది క్రమమైనది కాదు. దాన్ని అలా అని పేరు పెట్టి చెప్పే బాధ్యత సంఘానికీ సినాడుకూ ఉంది. 1523లో లూథరు ఒక చిన్న పుస్తకం రాశాడు. బోధను తీర్పు తీర్చడానికీ, బోధకులను పిలవడానికీ, నియమించడానికీ, తొలగించడానికీ క్రైస్తవ సమాజానికి హక్కు ఉందని దాని సారాంశం. ఈ హక్కుకు ఆయన చూపిన ఆధారం యోహాను 10వ అధ్యాయం. గొర్రెలు కాపరి స్వరం ఎరుగును, అన్యుల స్వరం ఎరుగవు. అంటే ఓటు హక్కు మొదట వాక్యాన్ని వినే చెవి నుండి వస్తుంది. వాక్యం వినకుండా లెక్క కోసం చేతులెత్తే సమూహానికి ఆ పుస్తకం ఏ హక్కూ ఇవ్వదు.

అయితే రెండవ వైపు కూడా ఉంది. మీ సంఘంలో ఆ గురువు చేతుల మీద బాప్తిస్మం పొందిన పసిబిడ్డల సంగతి ఏమిటి? ఆగ్స్‌బర్గ్ ప్రమాణంలోని 8వ అధికరణం ఇక్కడ మనల్ని ఆదుకుంటుంది. చెడ్డవారు ఇచ్చినా సంస్కారాలు ఫలిస్తాయి, ఎందుకంటే వాటి బలం క్రీస్తు నియమంలో, ఆయన ఆజ్ఞలో ఉంది. ఆ క్రిస్మస్ నాడు రోడ్డు మీద నిలబడి మీరు విన్న సువార్త చెల్లింది. గుడి లోపల వారు విన్నదీ, అది సువార్తే అయితే, చెల్లింది.

హంద్రీ గాలి
రోడ్డు మీద ఆ రోజు వాక్యం చదివింది మా అమ్మ. ఇంకెవరూ ముందుకు రాలేదు.

నల్లమల అంచు
హంద్రీ గారూ, ఈ ఒక్క వాక్యం చదివి చాలాసేపు ఇంకేమీ రాయలేకపోయాను.

గండికోట మలుపు
మాస్టారు చెప్పిన 1523 పుస్తకం మీద నాకు ఒక సందేహం ఉంది, అది దాచడం ఇష్టం లేదు. మరుసటి సంవత్సరమే, అంటే 1524లో, ఓర్లముండె అనే ఊరివారు లూథరు పాత సహచరుడు కార్ల్‌స్టాట్‌ను తమ గురువుగా ఎన్నుకొని, ఇది మా హక్కని మీరే రాశారు కదా అని లూథరుకు ఎదురు చెప్పారు. లూథరు ఒప్పుకోలేదు. ఆ పేరిష్ నియామకం ఆ ప్రాంతపు పాలకునికీ విశ్వవిద్యాలయానికీ చెందినదనీ, కార్ల్‌స్టాట్ పిలుపు క్రమమైనది కాదనీ వాదించాడు. మరి సంఘం హక్కు ఎక్కడికి పోయింది? మన దేశంలో కూడా సినాడు ఒక గురువును బదిలీ చేస్తే స్థానిక సంఘాన్ని అడిగేదెవరు? బదిలీ ఉత్తర్వు కూడా పిలుపేనా?

బురుజు నీడ
ఓర్లముండె విషయంలో లూథరును నేను పూర్తిగా సమర్థించను. అక్కడి బోధ మీద ఆయనకు ఉన్న భయం నిజమైనది గాని, ఊరివారు ఆయన పుస్తకాన్నే ఆయన ముందు పెట్టినప్పుడు ఆయన ఇచ్చిన జవాబు నాకు సరిపోలేదు. స్థానిక సంఘం ఒక్కటే చాలదు, విశాల సంఘం కూడా పిలుపులో పాలుపంచుకోవాలి అన్న మేరకు ఆయన మాట తీసుకుంటాను.

బదిలీ సంగతి. మిస్సోరి సినాడువారి పద్ధతిలో వేరే సంఘం నుండి పిలుపు ఉత్తరం వస్తే, ఆ గురువు తన ప్రస్తుత సంఘంతో కలిసి ప్రార్థించి, రెండు పిలుపులనూ తూచి, ఒకదాన్ని వదులుకుంటాడు. మనకు ఆ అలవాటు లేదు. బదిలీ ఉత్తర్వు పంపే ముందు రెండు సంఘాల పెద్దలతో ఒక గంట కూర్చుంటే అది పిలుపు అవుతుంది. కూర్చోకపోతే అది ఆఫీసు కాగితం, దాని మీద బైబిలు వచనం అచ్చు వేసినా సరే.

వేరుశనగ చేను
అనంతపురంలో టీచరుగా పనిచేస్తున్నాను. మా నాన్న పల్నాడులో ఒక లూథరన్ పల్లెకు 22 ఏండ్లు ఉపదేశిగా, అంటే గురు అభిషేకం లేని బోధకుడిగా, ఉన్నారు. ప్రతి ఆదివారం ఆరాధన ఆయనే నడిపేవారు, పిల్లలకు ప్రశ్నోత్తరి ఆయనే నేర్పేవారు, రాత్రి ఎవరికి జబ్బు చేసినా లాంతరు పట్టుకొని ఆయనే వెళ్ళేవారు. అయ్యగారు రెండు నెలలకు ఒకసారి వచ్చి ప్రభు భోజనం ఇచ్చి వెళ్ళేవారు.

ఒక వానాకాలం రాత్రి మా ఊరి మంత్రసాని అవ్వ మరణ పడకలో ఉండి రొట్టె, ద్రాక్షారసం అడిగింది. వాగు పొంగింది, అయ్యగారు రాలేరు. నాన్న ఇవ్వలేదు. తనకు ఆ అధికారం లేదని ఆమెకు చెప్పి, పాపక్షమాపణ మాటలు పలికి, 23వ కీర్తన చదివి, తెల్లవారేదాకా చేయి పట్టుకొని కూర్చున్నారు. అవ్వ తెల్లవారుజామున కన్నుమూసింది. తాను చేసింది సరా తప్పా అన్న ప్రశ్న నాన్నను చివరిదాకా వదలలేదు. మీరందరూ పిలుపు గురించి ఇంత రాస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను. మా నాన్న పిలవబడినవాడా, కాదా?

బురుజు నీడ
పిలవబడినవారే, తల్లీ. ఆ ఊరు, ఆ పేరిష్ ఆయనకు వాక్యం అప్పగించాయి. మన ప్రమాణంలోని 5వ అధికరణం విశ్వాసం కలగడానికే దేవుడు వాక్య పరిచర్యను స్థాపించాడని అంటుంది. 22 ఏండ్లు ఆ ఊరికి విశ్వాసం ఆయన నోటి నుండి వచ్చింది.

ఆ రాత్రి ఆయన చేసినదానికి మెలాంక్టన్ గ్రంథంలోనే సాక్ష్యం ఉంది. ఓడలో ఇద్దరు క్రైస్తవుల కథను ఆయన అగస్టీను నుండి తీసుకొని చెప్పాడు. ఇంకా బాప్తిస్మం పొందనివానికి ఒకడు బాప్తిస్మం ఇస్తాడు, అప్పుడు ఆ కొత్తగా బాప్తిస్మం పొందినవాడు ఇతనికి పాపక్షమాపణ పలుకుతాడు. అవసరం వచ్చినప్పుడు సామాన్య విశ్వాసి మరొకరికి కాపరి అవుతాడన్నది దాని అర్థం. మీ నాన్నగారు పలికిన క్షమాపణ ఏ బిషప్పు పలికినదానికంటే తక్కువ కాదు.

ప్రభు భోజనం ఇవ్వకపోవడం గురించి కూడా చెబుతాను. 1523లోనే బొహీమియావారికి గురువులు దొరకనప్పుడు లూథరు వారికి రాసిన లేఖలో, కుటుంబ పెద్ద ఇంట్లో సువార్త చదవవచ్చు, బిడ్డలకు బాప్తిస్మం ఇవ్వవచ్చు, ప్రభు భోజనం మాత్రం దొరకకపోయినా రక్షణకు లోటు లేదు అన్నాడు. వాక్యాన్ని నమ్మి చనిపోయిన అవ్వకు ఏమీ తక్కువ కాలేదు. మీ నాన్నగారు ఎవరి సలహా లేకుండానే ఆ రాత్రి అదే మార్గాన నడిచారు.

వేరుశనగ చేను
మాస్టారూ, ఈ మాటలు నాన్న బ్రతికి ఉండగా ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఒక మాట మాత్రం నేను వదలను. 22 ఏండ్లలో సంఘం ఆయన్ను పరీక్షించి, ఆ ఊరి బల్లను కూడా ఆయనకు ఎందుకు అప్పగించలేదు? ఆయన ఎనిమిదో తరగతి చదివారు, ఇంగ్లీషు రాదు. అంతేనా కారణం? మీరు చెప్పిన ఆ లేఖలోనే లూథరు బొహీమియావారికి మీలో నుండే యోగ్యులను ఎన్నుకోండి అని రాశాడని చదివాను. మా ఊరికి ఆ సలహా ఎవరూ ఇవ్వలేదు.

బురుజు నీడ
అది సంఘం తప్పు. మీ నాన్నగారి తప్పు కాదు, అవ్వ తప్పు కాదు. పరిచర్య జనం కోసం ఉంది. జనం రెండు నెలలు ఆకలితో ఎదురుచూసే ఏర్పాటును మనం క్రమం అని పిలుచుకుంటే, ఆ మాటకు ఉన్న అర్థాన్ని మనమే చెరుపుకుంటున్నాము. దీనికి నా దగ్గర సమర్థన లేదు.

తుంగభద్ర 72
ఈ ఒక్క టపా కోసమైనా ఈ చర్చ జరగవలసింది.

గుత్తి జంక్షన్
వేరుశనగ అక్కా, మీ నాన్నగారికి దర్శనం వచ్చిందా అని నేను అడగను. లాంతరు పట్టుకొని వెళ్ళిన మనిషిని అడగవలసిన ప్రశ్న అది కాదు.

పెన్నా ఒడ్డున
ఇన్ని రోజులు ఒక సంగతి చెప్పలేదు. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు అమ్మకు ప్రాణం మీదికి వచ్చింది. మగబిడ్డ పుడితే దేవుని సేవకు ఇస్తానని హన్నాలాగా మొక్కుకుంది. చిన్నప్పటి నుండి వాడు ఆ మాట వింటూ పెరిగాడు. ఆ ప్రసంగీకుడి ప్రశ్న తర్వాత వాడు నాతో, "అక్కా, నాది అమ్మ మొక్కు మాత్రమేనేమో, మొక్కు తీర్చుకోవడానికి నన్ను చదివించారేమో" అన్నాడు. దీనికి ఏమి చెప్పాలి?

నల్లమల అంచు
మా ఇంట్లో మా అన్నకు ఇలాంటి మొక్కే ఉండేది. అతను కళాశాలలో రెండేండ్లు ఉండి బయటికి వచ్చి, ఇప్పుడు డోన్‌లో మెకానిక్ షెడ్డు నడుపుతున్నాడు. మా నాన్న అతన్ని ఒక్క మాట అనలేదు. అమ్మ చాలా కాలం ఏడ్చింది.

గండికోట మలుపు
అమ్మ మొక్కు ప్రార్థన, దాన్ని గౌరవించాలి. అది పిలుపు మాత్రం కాదు. లూథరు 1520లో జర్మనీ ప్రభువులకు రాసిన పుస్తకంలో బాప్తిస్మం పొందిన వారందరూ యాజకులే అన్నాడు, గురువుకూ చెప్పులు కుట్టేవానికీ తేడా పనిలోనే ఉందన్నాడు. ఈ లెక్కన ఆ మెకానిక్ అన్న కూడా దేవునికి ఇవ్వబడినవాడే, ఆ తల్లి మొక్కు చెల్లింది. అక్కా, మీ తమ్ముడు రేపు వద్దనుకున్నా అమ్మ మాట తప్పినట్టు కాదు. వాడు స్వేచ్ఛగా జవాబు చెప్పాలంటే ముందు ఈ భారం దించాలి.

బురుజు నీడ
విద్యార్థి బాగా చెప్పాడు. ఒకటి చేరుస్తాను. మనస్సులోని కోరికను లూథరన్ బోధ తృణీకరించదు. ఎవడైనను అధ్యక్షపదవిని ఆశించినయెడల దొడ్డపనిని అపేక్షించుచున్నాడు అని పౌలు తిమోతికి రాశాడు. గుంటూరుకు 1842 జూలై 31న వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ హయ్యరు దొరగారినే చూడండి. 1869లో, తన 76వ ఏట, రాజమండ్రి ప్రాంతపు మిషను చేజారిపోతుందని తెలిసినప్పుడు అమెరికాలో సభ మధ్య తానే లేచి నేను వెళతాను అన్నాడు. కోరిక ఆయనది. అయితే ఆ సభ పంపితేనే ఓడ ఎక్కాడు.

కోరిక ఒకనాడు పొంగుతుంది, ఒకనాడు ఇంకిపోతుంది, మన పెన్నలాగే. సంఘం పిలుపు కాగితం మీద, సాక్షుల ముందు, తారీఖుతో ఉంటుంది. సమాధుల దొడ్డిలో పసిబిడ్డను పూడ్చి ఇంటికి వచ్చిన రాత్రి గురువు తన గుండెలో వెతుక్కుంటే ఏమీ దొరకకపోవచ్చు. నేను చొరబడలేదు, నన్ను పంపారు అని చెప్పుకోగలిగితే మరుసటి ఆదివారం మళ్ళీ నిలబడగలడు. లూథరు తన శ్రమలలో ఈ మాటనే పట్టుకున్నాడు. కూటంలో మీ తమ్ముడిని అవమానించడానికి వాడిన మాట, మనుషులు పంపినవాడివి అన్న మాట, ఆ రాత్రి వాడిని నిలబెట్టే మాట.

హంద్రీ గాలి
పెన్నా అక్కా, నా కోపం మీ తమ్ముడి మీద కాదు. నాలాంటి వాడు అడిగినదానికి బాధపడే గురువు ఒకరు ఉంటే, ఆయన్ను చేతులెత్తి పిలవడానికి నేను మళ్ళీ సంఘానికి వెళతాను. మీ వాడిని వేరుశనగ అక్క రాసింది చదవమనండి.

పెన్నా ఒడ్డున
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. తమ్ముడు ఈ చర్చ మొత్తం చదివాడు. అమ్మతో ఒక పూట కూర్చొని మొక్కు గురించి మాట్లాడాడు. నీ ఇష్టం నాయనా, నేను దేవునితో చూసుకుంటాను అని అమ్మ అన్నది. సినాడుకు ఉత్తరం రాశాడు గాని, అది వద్దని కాదు. అభిషేకానికి ముందు తాను పనిచేస్తున్న పేరిష్‌లోని ఐదు ఊళ్ళవారినీ కూర్చోబెట్టి, తనను గురువుగా కోరుకుంటున్నారో లేదో తాను లేనప్పుడు అడగమని కోరాడు. ఆ ఊళ్ళలో రెండింటికి ఉపదేశులు ఉన్నారు. వారిని పరీక్షించి బల్ల దగ్గర నిలబెట్టే మార్గం చూడమని కూడా రాశాడు. రెండవదానికి జవాబు రాలేదు. మొదటిదానికి పెద్దలు ఒప్పుకున్నారు, వచ్చే ఆదివారం సమావేశం.

వేరుశనగ చేను
ఆ ఇద్దరు ఉపదేశుల గురించి జవాబు వచ్చినప్పుడు ఇక్కడ తప్పక రాయండి అక్కా. నేను చూస్తూ ఉంటాను.

గుత్తి జంక్షన్
ఆదివారం మా కూటంలో ఆ ఐదు ఊళ్ళ కోసం ప్రార్థన చేయిస్తాను. ఊళ్ళ పేర్లు నాకు విడిగా పంపండి.